పాతపాలెం దిబ్బ మీద ఊదా దీపం

తుఫాను షెల్టరు మెట్ల కింద మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని గంగాదేవి పండుగప్ప పులుసు కాస్తోంది. పొద్దు వాలిపోయింది. సముద్రం మీంచి గాలి ఎదురు కొడుతుంటే మంట ఓ పక్కకి పడిపోతోంది. ఆవిడ ఆ గాలిని తిట్టుకుంటూ, చీర కొంగు అడ్డం పెట్టుకుంటూ, గరిటె తగలనివ్వకుండా దాకనే అటూ ఇటూ కుదుపుతోంది. పండుగప్పని గరిటెతో కెలికితే ముక్క చెదిరిపోతుంది మరి.

ఆ షెల్టరంటే పాలెంలో ఎవరికీ పెద్ద గౌరవం లేదు. స్తంభాల మీద నిలబెట్టిన సిమెంటు మేడ. ఉప్పెనొచ్చి పాలెం మొత్తాన్నీ ఊడ్చుకుపోయాక కట్టించారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టుందని గంగాదేవి మొగుడు యలమంద దాన్ని చూసినప్పుడల్లా అంటాడు. మామూలు రోజుల్లో అందులో మేకలు పడుకుంటాయి, పేకాటరాయుళ్ళు కూచుంటారు. ఈసారి సర్వే వాళ్ళు దిగారు.

వచ్చింది ఇద్దరే. ధర్మారావుగారని బందరాయన, రాళ్ళూ ఇసుకా గురించి పెద్ద చదువు చదివినాయన. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న అనసూయ, గుడివాడ పిల్ల. హంసలదీవి దాకా జీపులో వచ్చి, అక్కణ్ణించి సామానంతా ఎడ్లబండి మీద పాలెం చేర్చారు. వాళ్ళ పద్ధతే వేరు. పగలు పడుకుంటారు, చీకటి పడ్డాక పనికెళ్తారు. వెన్నెల ఉంటే సాగదని అమావాస్య చూసుకుని మరీ వచ్చారు. ఊదారంగు దీపం ఒకటి చేత్తో పట్టుకుని, నడుములు వంచుకుని, ఒడ్డున నల్ల ఇసుక చారలెక్కడున్నాయో వెతుక్కుంటూ నడుస్తారు. ఆ దీపం కింద మామూలు ఇసుక నల్లగానే ఉంటుందట, కొన్ని రేణువులు మాత్రం నారింజ రంగులో నిప్పురవ్వల్లా వెలుగుతాయట. వాటి పక్కనే అణుశక్తికి పనికొచ్చే ఖనిజం ఉంటుందట. అది ఉన్నచోట వాళ్ళ దగ్గరున్న చిన్న పెట్టె టిక్కుటిక్కుమని కొట్టుకుంటుందట.

ఇక పాలెం ఊరుకుంటుందా? లంకెబిందెలని ఒకళ్ళన్నారు. కాదు, వజ్రాలని ఇంకొకళ్ళన్నారు. అమావాస్య చీకట్లో దీపం పట్టుకుని ఇసుకలో వెతికేది పెద్దమనుషులు చేసే పనేనా అని ముసలమ్మలు బుగ్గలు నొక్కుకున్నారు. జనం నోటికి మూతేముంది, ఎవరికి తోచింది వాళ్ళన్నారు.

గంగాదేవికి అవేం పట్టలేదు. వండిపెట్టమన్నారు, వండుతోంది. ఆవిడకి కావలసింది వేరే ఉంది. ఆవిడకి తన కూతురు కావాలి. బతికున్న కూతురు కాదులెండి, ఆ ఆశ ఎప్పుడో చచ్చింది. ఏ ఇసుక కింద పడుందో ఆ పిల్ల, అక్కడికి వెళ్ళి, తను కట్టిన ముడి తన చేత్తో విప్పాలి. అంతే. అది తప్ప భగవంతుణ్ణి ఇంకేమీ అడగడం మానేసి చాలా కాలమైంది.

అదేం ముడో చెప్పాలంటే ఉప్పెన రోజుకి పోవాలి.

ఇరవై ఏళ్ళు దాటింది. కార్తీకమాసం, శనివారం. పొద్దుటి నుంచీ ఒకటే గాలి. యలమంద పడవ పనిమీద బందరు వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. మధ్యాహ్నానికి ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. సాయంత్రానికి నీళ్ళు పాదాల్లోకొచ్చాయి, చూస్తుండగానే మోకాళ్ళకొచ్చాయి. అప్పుడు పాలెంలో తల్లులందరూ ఒకటే పని చేశారు. పడవ కొట్టుకుపోకుండా గుంజకి కట్టుకునే జాతి. కట్టేస్తే పోదన్నది వాళ్ళకి ఉగ్గుపాలతో వచ్చిన బుద్ధి. అందుకని పిల్లల్ని తాడిచెట్లకి కట్టేసి, కదలొద్దని చెప్పారు.

గంగాదేవి కూడా కట్టింది. వీరదుర్గని, అప్పుడప్పుడే బడికెళ్తున్న పిల్లని, ఎత్తుకుని చెయ్యి అందినంత ఎత్తున మానుకి ఆనించి, నడుముకొక చుట్టూ మణికట్లకొక చుట్టూ వేసి, నైలాను వలతాడుతో బిగించింది. వేసింది పాలెం ముడి. వలలకీ పడవలకీ వేసే ముడే, ఇంట్లో అమ్మ చేతి మీంచి కూతురి చేతికొచ్చే ముడి. నీళ్ళు తగిలేకొద్దీ బిగుసుకుంటుంది తప్ప జారదు. "ఇది ఊడదమ్మా, కదలకుండా ఉండు. నాయనమ్మని తీసుకొస్తా" అని వెనక్కి తిరిగింది. తిరగడమే తడవు, సముద్రం లేచి నిలబడింది.

రెండోరోజు గంగాదేవిని దూరంగా సర్కారుతుమ్మ కంపలోంచి తీశారు. ఒంటి మీద బట్ట లేదు, చర్మమూ సరిగా లేదు, ప్రాణం మాత్రం ఉంది. పాలెం లేదు. తాడిచెట్లు లేవు. వేళ్ళతో సహా పడిపోయి, వాటి మీద మనిషి మునిగేంత ఇసుక మేటేసింది. ముడి ఊడలేదు, నిజమే. నీళ్ళే ముడి దాటి పైకొచ్చాయి. కట్టకుండా వదిలేసినా ఏ కొమ్మో పట్టుకుని బతికేదేమో నా తల్లి అని ఆవిడ ఏడవని రోజు లేదు.

యలమంద దినం చేద్దామన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. పాడె మీద శవానికైనా కట్లు విప్పాకే కట్టెల మీద పెడతారు. "బిడ్డ అక్కడ కట్టేసుండగా పిండం ఎట్టా పెడతావు మావా? ఎట్టా వస్తది తినడానికి?" అని అడిగింది. దినం ఆగిపోయింది. కొత్త పాలెం లోపలికి కట్టుకున్నారు. పాతపాలెం ఉన్న చోటు దిబ్బగా మిగిలిపోయింది. పగలు గంగాదేవి ఒక్కతే అక్కడికి పోయి చేతులతో ఇసుక తోడుతుంది. ఈరోజు తోడిన చోటు రేపటికి గాలి పూడ్చేస్తుంది. దీపాలు పెట్టే వేళయ్యాక మాత్రం అటు ఎవరూ పోరు. ఆవిడా పోలేదు, ఆ రాత్రి దాకా.

తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, సర్వే వాళ్ళు పని ముగించుకొచ్చారు. గంగాదేవి టీ కాస్తోంది. అనసూయ చెప్పులు విడిచి పొయ్యి దగ్గర చతికిలబడింది. మంచి పిల్ల. వచ్చిన రోజు నుంచీ పిన్నీ పిన్నీ అంటూ వెంట తిరుగుతోంది.

"పిన్నీ, చెయ్యి చాపు. ఒక వింత చూపిస్తాను."

అరచేతిలో చిన్న ముక్కేదో పెట్టింది. పొయ్యి వెలుగులో చూస్తే ఉప్పునీళ్ళకి మసకబారిన గాజుముక్క. అనసూయ దాని మీదకి ఊదా దీపం తిప్పింది. అంతే, గంగాదేవి అరచేతిలో చిలకపచ్చ వెలుగు భగ్గుమంది. ఆవిడ వేళ్ళు, గీతలు, గోళ్ళు అన్నీ ఆ పచ్చటి వెలుగులో కనిపించాయి. ధర్మారావుగారు నవ్వుతూ పెట్టె దగ్గరికి తెచ్చారు. అది టిక్కు టిక్కు టిక్కుమంది.

"పూర్వం కొన్ని గాజుల్లో రంగు కోసం యురేనియం కలిపేవాళ్ళమ్మా. మేం వెతికేదానికి ఇది దూరపు చుట్టం. చూశావా, ఎట్టా అరుస్తోందో."

గంగాదేవి నవ్వలేదు. ఆ ముక్క వంపు చిన్నది. చిన్నపిల్ల చేతికి సరిపోయేంత.

"ఎక్కడ దొరికింది బాబూ ఇది?"

"ఆ పాత దిబ్బ వారన."

ఉప్పెనకి ముందు వచ్చిన నాగులచవితికి బందరు నుంచి గాజులమ్మి గంపెత్తుకుని పాలెం వచ్చింది. గంపలో మిగిలినవన్నీ అవే, చిలకపచ్చవి. పాలెంలో ఆడపిల్లలంతా ఎగబడి అవే వేయించుకున్నారు. దుర్గ అయితే నిద్రలో కూడా చేతులు గుండెకి ఆనించుకుని పడుకుంది, ఎక్కడ చిట్లుతాయోనని.

టీ పొంగి పొయ్యిలో పడింది. గంగాదేవి చూసుకోలేదు.

"ఇయ్యాళ రాత్రికి నన్ను కూడా తీసుకెళ్ళండి బాబూ."

ధర్మారావుగారు ఇబ్బందిగా అనసూయ వంక చూశారు. "అక్కడికి మీవాళ్ళెవరూ రారట కదమ్మా?"

"మావాళ్ళంతా అక్కడే ఉన్నారు బాబూ" అంది గంగాదేవి.

ఆయన తలూపారు.

యలమందకి చెబితే ఆయన వల పక్కన పడేసి లేచాడు. "నీకేమన్నా మతి పోయిందా? రాత్రిపూట ఆ దిబ్బ మీదకా? ఎముకలకి ముడేంటే పిచ్చిదానా!" అని అరిచాడు. ఆరోజు తాను బందర్లో ఎవరి అరుగు మీదో పొడిగా కూచుని బతికిపోయానన్న సిగ్గు ఆయనకి ఈనాటికీ పోలేదు. అప్పట్నుంచీ పగలైనా సరే ఆ దిబ్బ మీద కాలు పెట్టలేదు.

"నువ్వు రావొద్దులే మావా. నేనే కట్టా, నేనే విప్పొస్తా" అంది గంగాదేవి.

ఆ రాత్రి గాలి పడిపోయింది. అదే వింత. సముద్రపొడ్డున గాలి లేని రాత్రి ఉండదు. మడచెట్ల అడుసు వాసన ఉక్కగా ముక్కుకి కొడుతోంది. అలల చప్పుడు కూడా దూరంగా జరిగిపోయినట్టుంది. ముందు ధర్మారావుగారు, వెనక అనసూయ, ఆ వెనక గంగాదేవి. అనసూయ తన దగ్గరున్న చిన్న చేతిదీపం ఆవిడకిచ్చింది. మీట నొక్కితే ఇసుక మీద నేరేడుపండు రంగు మరక పడుతుంది. ఆ మరకలో అక్కడక్కడా నారింజ చుక్కలు. పీతలు చరచరమని పక్కకి పరిగెడుతున్నాయి. పెట్టె నిద్రపోతున్నట్టు ఎప్పుడో ఒక టిక్కు అంటోంది.

దిబ్బ దగ్గరికొచ్చేసరికి నారింజ చుక్కల మధ్య ఇంకో రంగు మొదలైంది. పాలిపోయిన నీలం. చిన్న చిన్న ముక్కలు, సన్నటి పుల్లలు, కొన్ని బియ్యపుగింజలంత. దీపం ఎటు తిప్పితే అటు తేలుతున్నాయి.

"ఇవేంటి సార్?" అంది అనసూయ.

ధర్మారావుగారు వొంగి చూశారు. చప్పున దీపం పక్కకి తిప్పేశారు. "గవ్వలు" అన్నారు. కాసేపాగి, "గవ్వలేనమ్మా, పదండి" అన్నారు.

గంగాదేవి పుట్టింది సముద్రపొడ్డున. గవ్వలేవో, గవ్వలు కానివేవో ఆవిడకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. కాళ్ళకింద ఎవరున్నారో ఏమో.

నీటి వారన నల్ల ఇసుక దట్టంగా ఉన్న చోట పెట్టె గట్టిగా కొట్టుకుంది. ఇక వాళ్ళిద్దరికీ ఒళ్ళు తెలియలేదు. మోకాళ్ళ మీద కూలబడి సంచుల్లోకి ఇసుక ఎత్తుకోవడం మొదలుపెట్టారు. "దూరం పోకు పిన్నీ" అని అనసూయ తలెత్తకుండానే అంది. గంగాదేవి ఊఁ అని, దిబ్బ పైకి నడిచింది.

మొదట ఒక ముక్క కనిపించింది. చిలకపచ్చ. వొంగి తీసుకుని కొంగున వేసుకుంది. ఇంకాస్త పైన ఇంకో ముక్క. దానికి పైన ఇంకోటి. ఎవరో దారి చూపించడానికి వేసుకుంటూ పోయినట్టు. "వస్తన్నానమ్మా... వస్తన్నా..." అనుకుంటూ ఎక్కింది.

దిబ్బ నెత్తిన ఇసుక మీద ఇంకేమీ లేదు. దీపం చుట్టూ తిప్పింది. నల్లటి ఇసుక. నల్లటి చీకటి. తల ఎత్తి దీపం ఎదురుగా పట్టింది.

గాజులు.

నేల మీద కాదు. గాల్లో. చిన్న చేతులు రెండూ దగ్గరగా పెడితే ఎక్కడ ఉంటాయో, అక్కడ. పగుల్లేని గాజులు, పచ్చగా, వణుకుతూ...

గంగాదేవి దీపం పక్కకి తిప్పింది. చీకటి. మళ్ళీ తిప్పింది. ఉన్నాయి.

"దుర్గా?"

అలల చప్పుడు కూడా ఆగిపోయింది.

"అమ్మా..."

గుసగుస. అంతే. నీళ్ళు నిండిన నోటితో మాట్లాడినట్టుంది.

"ఎక్కడే... ఎక్కడున్నావే తల్లీ..."

"కదలొద్దన్నావుగా. నేను కదల్లేదు."

గంగాదేవి ఉన్నచోటే కూలబడింది. ఏ తల్లి విన్నా కడుపు చెరువయ్యే మాట అది. దీపం కింద పెట్టి, రెండు చేతులా ఇసుక తోడింది. గోళ్ళు విరిగాయి. ఇన్నేళ్ళ గాలికి దిబ్బ అక్కడ తరిగిందేమో, అడుగున తడి ఇసుక, దాని అడుగునే చేతికి గరుగ్గా తగిలింది. తాడిమాను. నల్లగా, ఉప్పుకి ఊరి, రాయిలా బిగిసిపోయి ఉంది. మాను చుట్టూ తడుముకుంటూ పోయింది. తాడు తగిలింది. నైలాను తాడు. అది కుళ్ళదు, చివకదు, ఏమీ కాదు. తాడు వెంట వేళ్ళు పోనిస్తే ముడి దొరికింది.

దీపం మినుకుమని ఆరిపోయింది. అయితే ఏం? ముడి చూడక్కర్లేదు ఆవిడకి. వేళ్ళకి తెలుసు. ఇక్కడ చుట్టు, ఇక్కడ మెలిక, ఇదిగో ఇక్కడ కొస. పాలెం ముడి. కొసని వెనక్కి నెట్టి పంటితో లాగితే తప్ప రాదు. బోర్లా పడుకుని ఆ గోతిలోకి మొహం పెట్టి, ముడిని పళ్ళ మధ్య పట్టుకుంది. ఉప్పు. ఇసుక. ఇంకేదో చేదు. లాగింది. రాలేదు. దవడ విరుగుతుందా అన్నట్టు లాగింది.

చెవి పక్కనే ఎవరో ఊపిరి పీల్చుకుంటున్నారు.

"ఉండమ్మా... వచ్చేస్తంది... ఒక్క రవ్వ..."

ముడి సడలింది. తాడు చేతుల్లోంచి దానంతటదే జారిపోయింది.

ఆ తరవాత చాలాసేపు ఏమీ జరగలేదు. గంగాదేవి లేచి కూచుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఒళ్ళు తేలికైపోయింది. "అయిపోయిందమ్మా" అంది చీకటితో. "నీకింక కట్లు లేవు. తెల్లారాక మీ నాన్న చేత అన్నీ చేయిస్తా. పరవాణ్ణం వండిస్తా. నువ్వింక వెళ్ళు నా తల్లీ... నన్ను తిట్టుకోకు. తెలియక కట్టానే... బతుకుతావని కట్టానే..."

అప్పుడు ఆవిడ చేతిలోకి చిన్న చెయ్యి ఒకటి వచ్చింది.

మంచుగడ్డలా ఉంది. వేళ్ళ మధ్య ఇసుక ఉంది. భయం వెయ్యలేదా అంటే వేసింది. కన్నతల్లి అయినంత మాత్రాన చచ్చిపోయిన పిల్ల చెయ్యి పట్టుకుంటే వెన్ను జలదరించకుండా ఉంటుందా? పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ వదల్లేదు. ఒకసారి వదిలినందుకు పడ్డది చాలదూ?

"వెళ్ళవా?" అని అడిగింది నెమ్మదిగా.

"ఇంటికి" అంది గుసగుస.

గంగాదేవి ప్రాణం ఉసూరుమంది. అవును మరి, కొత్తిల్లు పిల్ల చూడలేదు. ఉప్పెన పోయాక కట్టిందేగా. పెంకుటింటి ముందు బాదంచెట్టు వేసిందీ తెలియదు, యలమంద జుట్టు నెరిసిందీ తెలియదు. ఒక్కసారి చూసి వెళ్తానంటే ఏ తల్లి కాదంటుంది? "రా. నాన్నని చూద్దువుగాని" అంది.

దిబ్బ దిగుతూ అన్నీ చెప్పింది. మేకలు పెంచుతున్నానని చెప్పింది. నాయనమ్మ దొరకలేదని చెప్పింది. నీ పలక ఒకటి ఇసుకలో దొరికితే దాచానని చెప్పింది. పక్కనుంచి మాట లేదు. తడికాళ్ళ చప్పుడు మాత్రం, అడుగులో అడుగు వేసినట్టు.

నీటి వారన సర్వే వాళ్ళ దీపం కనిపించింది. గంగాదేవి దగ్గరవుతున్నకొద్దీ పెట్టె గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. టిక్కులు కలిసిపోయి ఒకటే రొద అయిపోయింది. ధర్మారావుగారు దాన్ని చేత్తో చరిచి, "ఇదేంటి, పాడైనట్టుందే" అన్నారు. "ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?"

"మా అమ్మాయితో బాబూ" అంది గంగాదేవి ఆగకుండానే.

అనసూయ తన దీపం ఆవిడ వైపు తిప్పింది. ఆవిడ మీద కాదు, ఆవిడ పక్కన, కాస్త కిందగా. అలా పట్టుకునే ఉండిపోయింది.

"పిన్నీ..."

"ఏంటమ్మా?"

అనసూయ చప్పున దీపం ఆర్పేసింది. "ఏం లేదు పిన్నీ. నువ్వు... నువ్వెళ్ళు" అంది. గంగాదేవి దాటిపోయాక వెనకనుంచి అనసూయ ఏడుపు వినిపించింది, "సార్, పదండి సార్, పోదాం సార్" అంటూ.

పాలెంలోకి వచ్చేసరికి కుక్క కూడా మొరగలేదు. యలమంద నిద్రపోలేదు. గుమ్మంలో గొంతుకూచుని ఉన్నాడు, లాంతరు పక్కన పెట్టుకుని. పెళ్ళాన్ని చూసి లేచాడు. ఒంటినిండా ఇసుక, మూతినిండా నెత్తురు. ఆయన కళ్ళు ఆవిడ మొహం మీదే ఉన్నాయి, పక్కకి పోలేదు.

"విప్పావా?"

"విప్పాను మావా."

యలమంద భుజం మీది తుండు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. అంత మనిషీ పసిపిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు. బందరు అరుగు మీంచి ఆయన ఆ రాత్రే దిగొచ్చినట్టు ఏడ్చాడు. గంగాదేవికి ఆయన్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది. ఒక చెయ్యి ఖాళీ లేదు. రెండో చెయ్యి ఆయన తల మీద వేసింది. "రేపు దినం పెట్టుకుందాం మావా. ఇప్పుడు ఒకసారి దాన్ని చూడు. ఇంటికొచ్చింది" అంది.

ఆయన తలెత్తాడు.

అప్పుడే గాలి మళ్ళీ లేచింది. దిబ్బ వైపు నుంచి లేచింది. లాంతరు రెపరెపలాడింది.

"అమ్మా..."

పిలుపు దూరంనుంచి, చాలా దూరంనుంచి, సముద్రపు రొద మీద తేలుతూ వచ్చింది.

"అమ్మా... నన్నొదిలేసి పోతన్నావేంటే..."

యలమంద మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇరవై ఏళ్ళుగా కలలో కూడా వినని గొంతు. అయినా తండ్రికి తెలియకపోవడమేంటి? "గంగా" అన్నాడు. "అది మన దుర్గ. మన దుర్గ గొంతే... అక్కడుంది. ఇంకా అక్కడే ఉందే..."

లాంతరు అందుకోలేదు. చెప్పులు తొడుక్కోలేదు. ఏనాడూ ఆ దిబ్బ మీద కాలు పెట్టని మనిషి, "వస్తన్నానమ్మా! నాన్నని, వస్తన్నా!" అని అరుచుకుంటూ చీకట్లో పడి పరిగెత్తాడు.

గంగాదేవి ఆయన వెనకే అడుగు వేసింది. కాలు కదిలింది. చెయ్యి రాలేదు.

గుంజుకుంది. రాలేదు. ఇంకా గట్టిగా గుంజుకుంది. భుజం నొప్పి పుట్టింది కానీ ఆ చిన్న చెయ్యి ఇసుమంతైనా కదల్లేదు. పక్కకి చూడాలంటే ధైర్యం చాలలేదు. లాంతరు వెలుగు పడ్డ గడప మీదే చూపు నిలుపుకుని అడిగింది.

"ఎవరమ్మా నువ్వు? ఎవరి బిడ్డవే?"

దూరంగా యలమంద కేకలు సన్నబడుతున్నాయి.

"మా అమ్మ రాలేదు" అంది గుసగుస. "నువ్వొచ్చావు."

"వదులు తల్లీ... నా బిడ్డ ఏడుస్తంది... దాన్ని కూడా విప్పొస్తా, మళ్ళీ వస్తా... ఒట్టు..."

"మా అమ్మ కూడా మళ్ళీ వస్తానంది."

దిబ్బ మీంచి ఇంకోసారి అమ్మా అని వినిపించింది. ఈసారి ఇంకా దూరంగా, ఇంకా నీరసంగా. గంగాదేవి ఒళ్ళంతా ఆ పిలుపు వైపు సాగింది. చేతిలోని చెయ్యి బిగుసుకుంది. పిల్ల ఆవిడ చీర కుచ్చెళ్ళలోకి మొహం దూర్చుకుంటున్నట్టు తడి తగిలింది. లోపలికి పోదామన్నట్టు మెల్లగా గడప వైపు లాగింది.

ఆ చెయ్యి ఇప్పుడు చల్లగా లేదు. వెచ్చబడింది.